తెర మీది రాక్షసుడికి ఒళ్లు ఎవరిచ్చారు?

‘జగన్మోహిని’ (1978) కథంతా మరిచిపోయినవాళ్లకు కూడా అందులో ఒక సన్నివేశం గుర్తుంటుంది. దెయ్యం వంటకు కూర్చుంటుంది. కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలోకి తోస్తుంది. మంట భగ్గుమంటుంది, ఆమె మాత్రం ఇది రోజూ ఉండే పనే అన్నట్టు తాపీగా కూర్చుంటుంది. కాలుతున్నవి ఉత్తుత్తి కాళ్లని నేల టిక్కెట్టు పిల్లలకూ తెలుసు. తెలిసీ కళ్లు మూసుకునేవారు.

దర్శకుడు బి. విఠలాచార్య. ఉడుపి ప్రాంతంలో పుట్టి, తెలుగువాళ్ల చేత ‘జానపద బ్రహ్మ’ అనిపించుకున్నారు. ఆ తరం ట్రిక్కులకు కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. కెమెరా, నల్లగుడ్డ, సన్నటి తీగలు, పొగ, ఎడిటింగ్ టేబుల్ మీద కత్తెర. నల్లదుస్తుల మీద తెల్లగా ఎముకలు గీసుకుని నల్లతెర ముందు గంతులేస్తే అస్థిపంజరం నాట్యమాడినట్టే. పెద్ద హీరో కాల్షీట్లు దొరక్కపోతే ఆయన పాత్రకు శాపం తగిలించి, చిలకగానో ఎలుగుబంటిగానో మార్చేసి షూటింగ్ కానిచ్చేవారని ఆయన గురించి సినిమావాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. అందులో నిజమెంతైనా, వింతజీవులు పుట్టడానికి ఊహతో పాటు పొదుపూ కారణమేనన్నది మాత్రం తోసేయలేని సంగతి.

ఈ పనితనం సినిమాతో మొదలైంది కాదు. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉన్న జలంతర సంస్థానం పేరుతో ముడిపడిన ‘ప్రహ్లాద నాటకం’ 19వ శతాబ్దిలో పుట్టింది. పక్కనున్న గంజాం పల్లెల్లో ఈనాటికీ ఒడియాలో ఆడుతున్నారు. నరసింహుడి ముసుగుకు పూజ చేసి మరీ తొడుగుతారు. తొడిగినవాడికి పూనకం వస్తే పట్టి ఆపడానికి పక్కన మనుషులుంటారు. 2025లో ‘మహావతార్ నరసింహ’ వచ్చేసరికి అదే ఉగ్రరూపం ముసుగూ నటుడూ లేకుండా మొత్తం కంప్యూటర్‌లోనే తయారైంది. ఈ రెండింటి మధ్య నడిచిందే తెలుగు తెర రాక్షసుల చరిత్ర.

తెలుగులో తొలి టాకీ కూడా ప్రహ్లాదుడి కథే కావడం విశేషం. హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది, అందులో నటించింది సురభి నాటకాలవాళ్లు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభికి తీగలూ కప్పీలతో మనిషిని గాల్లో తేల్చడం, రంగస్థలం మీదే మంటలు లేపడం కొట్టినపిండి. మన సినిమా ట్రిక్కులకు తాతలు ఎక్కడున్నారని అడిగితే, హాలీవుడ్ కంటే ముందు ఆ డేరాల్లోనే వెతకాలి.

1949లో వచ్చిన ‘కీలుగుర్రం’లో అంజలీదేవి పాత్ర రాత్రిళ్లు రాజుగారి ఏనుగుల్నీ గుర్రాల్నీ తినేసే రాక్షసి. పగలు మాత్రం అందగత్తె. కోరలకంటే ఆ అందమే భయం పుట్టిస్తుంది. ఇక ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) నాటికి దర్శకుడు కె.వి. రెడ్డికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ తోడయ్యారు. అప్పటి కిటుకుల్లో ముఖ్యమైనది మాస్కింగ్. లెన్సులో సగాన్ని నల్లగా మూసి మొదటి సగం తీస్తారు. ఫిల్మును వెనక్కి చుట్టి, ఈసారి తీసిన సగాన్ని మూసి, రెండోది తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, వెలుగు కాస్త మారినా రెంటి మధ్య గీత కనిపించి కూర్చుంటుంది. సరిచేసే వీలు లేదు, మళ్లీ మొదటినుంచీ తీయాల్సిందే. అంత కష్టపడ్డా, ఘటోత్కచుడు ఘటోత్కచుడైంది ఎస్.వి. రంగారావు వల్లే. ఆ భుజాలు, ఆ నవ్వు, గదను మోసే తీరు ఏ లెన్సూ ఇవ్వగలిగినవి కావు. లడ్డూలు ఎగిరొచ్చి నోట్లో పడుతుంటే జనం లడ్డూల్ని కాదు, ఆ నోటిని చూశారు.

పశ్చిమ దేశాల్లో ఈ నాటు విద్య శిఖరం చూసింది 1980ల మొదట్లో. ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ (1981)లో మనిషి తోడేలుగా మారడాన్ని దీపాల వెలుగులో దాచకుండా చూపించిన రిక్ బేకర్‌కు మేకప్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. మరుసటేడు ‘ది థింగ్’లో రాబ్ బాటిన్ రబ్బరుతో, జిగురుతో కడుపు తిప్పే ఆకారాలు తయారుచేశాడు. 1993లో ‘జురాసిక్ పార్క్’ లెక్క మార్చింది. అయితే అందులో డైనోసార్లు కనిపించేదే దాదాపు పావుగంట, కంప్యూటర్‌లో చేసింది సుమారు ఆరు నిమిషాలు. మిగతావి స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన యంత్రపు బొమ్మలు.

తెలుగులో ఆ మలుపు రెండు వరస ఏళ్లలో కనిపిస్తుంది. 1994లో సింగీతం శ్రీనివాసరావు ‘భైరవ ద్వీపం’ తీశారు. శాపం తగిలిన బాలకృష్ణను కురూపిగా మార్చింది మేకప్పే. సాక్షాత్తూ హీరో ముఖాన్నే అలా పాడుచేయడానికి ధైర్యం కావాలి. 1995లో శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాతగా, కోడి రామకృష్ణ దర్శకుడిగా ‘అమ్మోరు’ వచ్చింది. గ్రాఫిక్స్‌కు లండన్ నిపుణుల సాయం తీసుకున్నారు. ఇక్కడో తమాషా ఉంది. కంప్యూటర్ శక్తిలో పెద్ద వాటా దేవత మహిమలకే దక్కింది. రాక్షసుడి పని రామిరెడ్డి గుడ్లురిమి చూసుకున్నాడు. ఈ రెంటికీ దూరంగా, 1992లోనే రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’లో ఆకారమే పెద్దగా చూపకుండా కెమెరా కదలికతోనూ చప్పుళ్లతోనూ హడలగొట్టాడు.

శ్యాంప్రసాద్ రెడ్డి, కోడి రామకృష్ణల జోడీ ఏళ్లకేళ్లు తీసిన ‘అంజి’ 2004లో విడుదలైంది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు వచ్చినా బాక్సాఫీసు కరుణించలేదు. అదే జోడీ 2009లో ‘అరుంధతి’తో హిట్టు కొట్టింది. అందులోని ప్రతినాయకుడు పశుపతి తెలుగు హారర్‌లో ఇంతవరకూ వచ్చిన రాక్షసుల్లో మొనగాడనడానికి సందేహం అక్కర్లేదు. సమాధిలోంచి లేచినవాడి కుళ్లిన చర్మం సోనూసూద్ ఒంటి మీది మేకప్పు. చుట్టూ ఉన్న క్షుద్రలోకంలో చాలా భాగం గ్రాఫిక్స్. ‘బొమ్మాళీ’ అనే ఆ పిలుపు మాత్రం డబ్బింగ్ చెప్పిన పి. రవిశంకర్ గొంతు. ఆ దెబ్బకు ఆయన పేరే బొమ్మాళి రవిశంకర్ అయింది. సినిమా తీసిన బనగానపల్లె బంగళాకు ‘అరుంధతి కోట’ అన్న పేరు స్థిరపడింది. గ్రాఫిక్స్ చూడటానికి ఎవరూ ఊరు వెళ్లరు కదా!

పూర్తిగా కంప్యూటర్ జీవిని కథకు మధ్యలో నిలబెట్టే సాహసం రాజమౌళి ‘ఈగ’తో (2012) చేశారు. మొదట చేసిన ఈగ చూడబుద్ధి కాలేదు. దాంతో నిజమైన ఈగను సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో చల్లబరిచి, అది స్పృహ తప్పిన కొన్ని నిమిషాల్లో దగ్గరగా ఫొటోలు తీశారు. ముఖంలో సగం కళ్లే ఉన్న పురుగుకు హావభావాలు ఎలా? ఒంటి విరుపులతోనే కోపం, ప్రేమ పలికించారు. ఈ గ్రాఫిక్స్ చేసిన మకుట సంస్థకు జాతీయ అవార్డు దక్కింది. ‘బాహుబలి’లోనూ ఒకవైపు శ్రీనివాస్ మోహన్ గ్రాఫిక్స్ చూస్తుంటే, మరోవైపు సాబు సిరిల్ యంత్రపు జంతువుల్ని కట్టించారు.

కంప్యూటర్‌ను తిట్టిపోయడం తేలిక. 2011 నాటి ‘ది థింగ్’ కోసం చేతిపనివాళ్లు కట్టిన ఆకారాల మీద చివరికి గ్రాఫిక్స్ పూసేశారు, అభిమానులు మండిపడ్డారు. మన దగ్గర సమస్య వేరు. అన్ని దెయ్యాలకూ అదే నల్లటి పొగ, అదే ఎర్రకళ్లు. చవగ్గా, త్వరగా తెమిలిపోతుందని చివర్లో అతికించేస్తున్నారు. దీనికి ఎదురీదిన సినిమాల్లో ‘మసూద’ (2022) చెప్పుకోదగ్గది. అందులో పూనకం పట్టిన అమ్మాయి పాత్ర వేసిన బాంధవి శ్రీధర్ మెడ తిప్పే తీరు, చూపు నిలిపే తీరు చాలు, సీట్లో సర్దుకుని కూర్చోవడానికి.