‘వేదం’లో లేని తాత

అనేక జీవితాలను ఒకే కథలో చెప్పబూనిన రచయితకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. వాటిని కలిపేది ఏది? కాకతాళీయమా, చరిత్రా? జాగర్లమూడి క్రిష్ దర్శకత్వంలో 2010 జూన్‌లో విడుదలైన ‘వేదం’ ఈ ప్రశ్న దాకా వచ్చి, సమాధానం దగ్గర తడబడింది.

చిత్రానికి దక్కవలసిన గౌరవాన్ని మనం కాదనకూడదు. కథానాయకుడి చుట్టూ తిరిగే తెలుగు సినిమాలో ఐదు కథలు నడపడం సాహసమే. బస్తీ కేబుల్ కుర్రవాడు, వేశ్యావాటిక నుంచి పారిపోయిన సరోజ, సైనిక కుటుంబంలో పుట్టిన గాయకుడు, మనవడి చదువు కోసం కోడలి మూత్రపిండాన్ని అమ్మడానికి సిద్ధపడిన సిరిసిల్ల నేతగాడు రాములు, పోలీసు అనుమానానికి బలైన రహీముద్దీన్ ఖురేషీ అందరూ ఒకే తెరమీద నిలిచారు. ప్రేక్షకులు కన్నీరు పెట్టారు. బహుమతులూ వచ్చాయి.

లోపం మరొకచోట ఉంది. గాయకుడి వెనుక సైనిక వంశం ఉంది. రాములు వెనుక మగ్గం ఉంది, ముందు మనవడున్నాడు. రహీముద్దీన్‌కు మాత్రం ముందు తరం లేదు. వినాయకుని ఊరేగింపు నాటి ఘర్షణతో అతని కథ మొదలవుతుంది. ఆ ఘర్షణకు ముందు పాతబస్తీకి చరిత్రే లేదా?

ఉంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. భూస్వామ్య ప్రభుత్వం కూలడం చారిత్రక అవసరమే. అయితే ఆ వెనువెంటనే ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో సాధారణ ముస్లింలపై హత్యాకాండ జరిగింది. మృతుల సంఖ్య 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు మరుగున పడి ఉంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పెద్ద జాగీర్దారులకు నష్టపరిహారం అందింది. వారి కొలువుల్లో బతికిన గుమాస్తా, జవాను, వంటవాడు వీధిన పడ్డారు. ఇది తాత తరం.

తండ్రి తరం రిక్షా తొక్కింది, లాడ్‌బజారులో లక్క గాజులు చేసింది, 1970ల నుంచి గల్ఫు దారి పట్టింది. 1978లో రమీజాబీ ఉదంతంలో ఒక రిక్షా కార్మికుడు పోలీసు దెబ్బలకు చనిపోయినప్పుడు నగరం మతభేదం లేకుండా వీధుల్లోకి వచ్చింది. ఆ ఐక్యత నిలవలేదు. 1984లోనూ, 1990 డిసెంబరులోనూ మత కలహాలు, కర్ఫ్యూలు పాతబస్తీని పీల్చి పిప్పి చేశాయి.

కొడుకు తరానికి వచ్చింది 2007. మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు 42 మందిని బలిగొన్నాయి. పదులకొద్దీ ముస్లిం యువకులను నిర్బంధించారు. చిత్రహింసల ఆరోపణలపై న్యాయవాది రవిచందర్ విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. వారిపై పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. ప్రభుత్వం కొందరికి ఇచ్చిన పరిహారాన్ని కూడా 2013లో హైకోర్టు చెల్లదంది.

ఈ మూడు తరాల గాథలో రహీముద్దీన్ ఒక్కడు కాదు, ఒక వర్గం. చిత్రం అతన్ని ఒక్కణ్ణి చేసింది. అందుకే అతనికీ పోలీసు అధికారికీ మధ్య వైరం వ్యక్తిగత ద్వేషంగా కుదించుకుపోయింది. ఆసుపత్రిపై ఉగ్రవాదులు విరుచుకుపడగానే అతను ఆ అధికారి ప్రాణం కాపాడతాడు, అధికారి మనసు మారుతుంది. తాను నిర్దోషినని రుజువు చేసుకోవడానికి అతను ప్రాణాలకు తెగించవలసి వచ్చింది! అధికారి మారాడు, ఠాణా మారిందా? కేబుల్ కుర్రవాడు డబ్బు తిరిగి ఇచ్చాడు, సిరిసిల్ల అప్పుల వ్యవస్థ కదిలిందా? వైరుధ్యాలను తుపాకీ మోతలో ముంచేసి, పశ్చాత్తాపంతో పరిష్కరించడం మన సినిమాకు పాత అలవాటే. ‘వేదం’ ఆ అలవాటును వదిలించుకోగల శక్తి ఉండీ వదిలించుకోలేదు. మన నిరాశకు కారణం అదే.

ఐదు కథలను ఒక రాత్రిలో కలపడం శిల్పం. ఒక మనిషిని అతని తాతతో కలపడం చరిత్ర జ్ఞానం. రెండవది లేకుండా మొదటిది కంటతడి దగ్గరే ఆగిపోతుంది. పాతబస్తీ గురించి కలం పట్టే యువ రచయితలు ముందుగా ఆ తాతను వెతకాలి.