గుడ్లు తాగే పెట్ట, పొడిచే పెట్ట: పెరటి కోళ్ళ చరిత్రలో ఒక తగువు

పోయిన ఎపిసోడ్‌లో సంక్రాంతి పుంజుల గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత చాలామంది ఒకే మాట అడిగారు: పుంజుల చరిత్ర చెప్పారు, మరి పెట్టల సంగతేంటి అని. మా పెరట్లో పెట్ట తన గుడ్లు తనే తినేస్తోంది, ఒకదాన్ని మిగతావన్నీ కలిసి నెత్తురొచ్చేలా పొడుస్తున్నాయి, ఇది ఇప్పటి జబ్బా, ముందునుంచీ ఉన్నదేనా అని. ముందునుంచీ ఉన్నదేనండి. దీని చరిత్ర చెప్పాలంటే మా ఇంట్లో జరిగిన ఒక తప్పుతో మొదలుపెట్టాలి.

మాది తుని. ఇప్పుడు కాకినాడ జిల్లా అంటున్నాం గాని, నేను చెప్పే 1983లో తూర్పు గోదావరి. తాండవ నదికి ఇటువైపు తుని, అటువైపు పాయకరావుపేట. మా అమ్మమ్మకి పెరట్లో ఏడు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. ఇంట్లో డబ్బంతా తాతయ్య చేతిలో ఉండేది. గుడ్ల డబ్బు మాత్రం అమ్మమ్మది. ఉప్పు డబ్బాలో దాచుకునేది. మాకు పుస్తకాలు, మా పిన్ని పురిటికి మందులు, ఆ డబ్బాలోంచే వచ్చాయి.

ఆ వేసవిలో గుడ్లు తగ్గిపోయాయి. రోజుకి మూడు, నాలుగు వచ్చేవి ఒకటికొచ్చాయి. ముంగిస అనుకున్నారు, పాము అనుకున్నారు. చివరికి అనుమానం మా ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకు మీద పడింది. వాడికి పదేళ్ళుంటాయి, నా ఈడువాడే. తల్లితో పాటు పొద్దున్నే వచ్చి పెరడు ఊడ్చేవాడు. అమ్మమ్మ వాడి జేబులు తడిమి చూసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వాడు ఏడవలేదు, అదే నాకింకా గుర్తు.

ఆ తల్లి మర్నాడు వచ్చి ఒకే మాట అంది. "అమ్మగారూ, రేపు మేము రాం. మీరే తలుపు సందులోంచి పొద్దుటేల చూడండి." చూశాం. కిందటి నెల సంతలో కొన్న నల్లపెట్ట రుబ్బురోలు పక్కన, వట్టి బండ మీద గుడ్డు పెట్టింది. లేచి వెనక్కి తిరిగింది. ముక్కుతో రెండు పోట్లు పొడిచి, సొన తాగి, పెంకు కూడా మింగేసింది. కంచే చేను మేసినట్టు అంటారే, అదన్నమాట.

ఇక్కడ కాసేపు మా పెరడు వదిలి, చాలా వెనక్కి వెళ్దాం.

మన పెరటి కోడికి మూలం ఎర్ర అడవికోడి. 2022లో వచ్చిన పరిశోధనల ప్రకారం, పెంపుడు కోడి అని గట్టిగా చెప్పగలిగిన అతి పాత ఎముకలు థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి. కాలం క్రీ.పూ. 1650–1250 మధ్య. వరి, చిరుధాన్యాలు పండించే ఊళ్ళలో గింజలు చూసి చెట్లు దిగివచ్చిన పక్షి ఇది. మనకి దగ్గర విషయం ఇంకోటుంది. మన దేశంలో ఎర్ర అడవికోడికి దక్షిణపు హద్దుగా పక్షి శాస్త్రజ్ఞులు స్థూలంగా చెప్పేది గోదావరినే. ఆ దిగువన ఉండేది బూడిదరంగు అడవికోడి. పెంపుడు కోడి కాళ్ళకుండే పసుపు రంగు ఈ బూడిదరంగు దాని నుంచి వచ్చిందని 2008లో జన్యు పరిశోధన తేల్చింది. అంటే ఆ రెండు అడవికోళ్ళ సరిహద్దు సీమలో మనం కూర్చుని ఉన్నాం.

అడవిలో కూడా ఇవి పొడుచుకుంటాయి. కాని అక్కడ ఓడినది పొదల్లోకి పారిపోతుంది, తగువు అక్కడితో సరి. పెరడుకి గోడ కట్టాక, గూటికి తలుపు పెట్టాక ఓడినది ఎక్కడికి పోతుంది? కోళ్ళ మధ్య దౌర్జన్యం అనేది అడవి గుణానికి మనిషి గోడ కట్టినప్పుడు పుట్టింది.

మరి మన పాతవాళ్ళు దీని గురించి ఏం రాశారు? పుంజు గురించి బోలెడు రాశారు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం అందరికీ తెలుసు. క్రీడాభిరామంలో ఓరుగల్లు కోడిపందేల వర్ణన ఉంది. ఏ రంగు పుంజు ఏ రోజు ఏ రంగు మీద గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం ఉంది. డేగ, కాకి, నెమలి, సేతువ అని పేర్లు. పెట్టకి శాస్త్రం లేదు. ఎందుకంటే పుంజు మగవాళ్ళ పందెం, పెట్ట ఆడవాళ్ళ ఉప్పు డబ్బా. పెట్ట యజమానురాలు మన భాషలో మిగిలింది ఒక సామెతలోనే. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరెలా తెల్లారుతుంది అనుకుందట ముసలమ్మ. మనం దాన్ని అహంకారానికి ఉదాహరణగా చెప్పి నవ్వుతాం. నాకు మాత్రం అందులో ఒక ఆస్తి జాబితా కనిపిస్తుంది. ఆ ముసలమ్మకి ఉన్నవి ఆ రెండే.

పెట్టల తగువుని మొదట కాగితం మీద పెట్టినవాడు నార్వే దేశస్థుడు. పేరు థోర్లైఫ్ షెల్డెరప్ ఎబ్బె, 1894లో పుట్టాడు. చిన్నపిల్లాడిగా ఉన్నప్పటినుంచి కోళ్ళ దగ్గర కూర్చుని ఎవరు ఎవర్ని పొడిచారో రాసుకునేవాడు. 1921లో దాని మీదే డాక్టరేటు చేశాడు, 1922లో జర్మన్ భాషలో వ్యాసం అచ్చయింది. ఇవాళ ఆఫీసుల్లో కూడా వాడే పెకింగ్ ఆర్డర్ అనే మాట ఆ జర్మన్ మాటకి ఇంగ్లీషే. ఆయన చెప్పిందేమిటంటే, ఏ రెండు పెట్టలు తీసుకున్నా వాటి మధ్య ఎవరిది పైచేయి అన్నది తేలిపోయి ఉంటుంది. ఒకసారి తేలాక రోజూ కొట్టుకోవు, చిన్నది తప్పుకుంటుంది. కొత్తది వచ్చినా, ఒకటి జబ్బుపడినా మళ్ళీ లెక్క మొదటికొస్తుంది.

మా ఇంటి నల్లపెట్ట సరిగ్గా ఆ కొత్తది. మా గుంపుకి ఒక డేగరంగు పెట్ట పెద్ద. గుడ్లు పెట్టే గంప ఒక్కటే ఉండేది, దాని ముందు అది కాపలా. నల్లది లోపలికి వెళ్ళబోతే నడినెత్తి మీద పోటు. తలమీద ఈకలు ఊడిపోయి ఎర్రగా కనిపించేది. మేము అదేదో తెగులనుకున్నాం. చోటు లేక బండ మీద పెట్టింది, గుడ్డు చిట్లింది, సొన నోటికి తగిలింది, రుచి మరిగింది. ఈ సంగతి మాకు చెప్పింది ఎవరనుకున్నారు? ఆ పనావిడే. "దాన్ని గంపలోకి రానిస్తే కదండీ, అది గుడ్డు దాచుకునేది" అంది. నార్వే ఆయన పేరు ఆవిడ వినలేదు. ఆవిడ గుడిసె ముందు కోళ్ళున్నాయి, అంతే.

అమ్మమ్మ మాత్రం ముందు శిక్ష గురించే ఆలోచించింది. గుడ్డుకి చిల్లు పెట్టి, సొన తీసి, ఎండుమిరపకాయల ముద్ద కూరి పెట్టింది. నల్లపెట్ట దాన్ని కూడా హాయిగా తినేసింది. మాకు ఆశ్చర్యం. ఇప్పుడు కారణం తెలుసు: మిరపలో మంట పుట్టించే పదార్థం పక్షులకి మంటగా అనిపించదు. గుంటూరు మిరపైనా సరే! తర్వాత, దీన్ని ఆషాఢంలో తలుపులమ్మ లోవకి తీసుకెళ్ళిపోదాం అన్నారు. మా వైపు వాళ్ళకి తెలుసు, లోవకి వెళ్ళిన కోడి అక్కడే వండుకు తినడానికే.

ఇదే పని ప్రపంచంలో పెద్ద ఎత్తున ఎలా జరిగిందో చూడండి. అమెరికాలో 1903లో ఒకాయన కోళ్ళకి కళ్ళజోడు పేటెంటు తీసుకున్నాడు, పొడిస్తే కన్ను పోకుండా. తర్వాత వాటికి ఎర్ర అద్దాలు పెట్టి అమ్మారు, నెత్తురు కనపడకపోతే పొడవదని. 1930ల్లో అక్కడే ముక్కు కొస కత్తిరించే పద్ధతి వచ్చింది. ఫారాల్లో డీబీకింగ్ అంటారు. ముక్కు కొసలో నరాలుంటాయి, ఆ నొప్పి చాలాకాలం ఉండొచ్చని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

మన దగ్గరికి ఆ వ్యవస్థ మన తెలుగువారి ద్వారానే ఊపందుకుంది. 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన బి.వి. రావు గారు, 1982లో రైతులే గుడ్డు ధర చెప్పేలా ఎన్.ఇ.సి.సి. రావడం, ఇవి పెద్ద మలుపులు. మన జిల్లాల్లో అనపర్తి, బలభద్రపురం, తణుకు వైపు లేయర్ ఫారాలు నిండాయి. బెంగాల్, ఒడిశా, అస్సాం వెళ్ళే గుడ్ల లారీలు మా తుని మీదుగానే హైవే ఎక్కి పోతాయి. నాటుపెట్ట ఏడాదికి అరవై, డెబ్భై పెడితే, ఫారం పెట్ట 300కి పైగా పెడుతుంది. పేదవాడి పళ్ళెంలోకి గుడ్డు వచ్చిందంటే అది వీళ్ళ చలవే, అది కాదనకూడదు. గుడ్లు తాగే సమస్యకి పంజరం సమాధానం చాలా తెలివైనది: నేల ఏటవాలు, గుడ్డు పెట్టగానే ముక్కుకి అందకుండా బయటికి దొర్లిపోతుంది. కాని ఆ పంజరంలో పెట్ట రెక్క చాచలేదు. యూరోపియన్ యూనియన్ 2012 నుంచి పాత తరహా పంజరాలు నిషేధించింది అందుకే.

కళ్ళజోడు, కత్తిరింపు, పంజరం, మా ఇంటి మిరపకాయ ముద్ద. నాలుగూ కోడిని మార్చాలని చూసినవే. ఆ పనావిడ మాత్రం గూటిని మార్చమంది.

ఆవిడ చెప్పినదీ, తర్వాత నేను నేర్చుకున్నదీ కలిపి చెబుతాను. నాలుగైదు పెట్టలకి ఒక గంప ఉండాలి, చీకటి మూలలో, మెత్తగా గడ్డి లేదా ఊక వేసి. గుడ్డు పగలకపోతే అలవాటే పుట్టదు. పొద్దున్న రెండు మూడుసార్లు గుడ్లు తీసెయ్యాలి. పెంకు గట్టిగా ఉండాలి. పెంకు తయారవడానికి పెట్ట కడుపులో దాదాపు 20 గంటలు పడుతుంది, ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. నూకలు, తవుడు మాత్రమే తింటే అది ఎక్కడినుంచి వస్తుంది? ఆల్చిప్పలు, నత్తగుల్లలు దంచి వేరే చిప్పలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది. గుడ్డు పెంకులు వేస్తే ఎండబెట్టి పొడి చెయ్యండి, గుడ్డు ఆకారం తెలియకూడదు. రుచి మరిగినదానికి గూట్లో కర్ర గుడ్డో, గుండ్రాయో పెట్టండి, పొడిచి పొడిచి విసుగు పుడుతుంది. కొన్ని మానవు, అదీ నిజమే.

ఇక దౌర్జన్యం. నెత్తురు కనిపించిన కోడిని వెంటనే విడదీయండి, ఎర్రరంగు చూస్తే మిగతావి ఆగవు. మేత రెండు మూడు చోట్ల, ఒకదానికొకటి కనపడకుండా పెట్టండి. కొత్తదాన్ని వల అడ్డంగా పెట్టి వారం చూపించి, రాత్రి చీకట్లో గూట్లో కలపండి. వీలైతే ఒకటి కాకుండా రెండు కొనండి. అన్నిటికన్నా ముఖ్యం, పొడిచేదాన్ని గంప కింద నాలుగైదు రోజులు వేరే ఉంచండి. తిరిగొచ్చేసరికి దాని స్థానం సడలుతుంది. మనం సాధారణంగా దెబ్బలు తిన్నదాన్ని వేరు చేస్తాం, తిరిగొచ్చాక దానికి మరీ కష్టమవుతుంది. అందుకే గాయం మానగానే త్వరగా కలిపెయ్యాలి.

మా ఇంట్లో రెండో గంప కట్టారు. డేగపెట్టని వారం రోజులు కమ్మేశారు. నల్లపెట్ట పదిరోజుల్లో మానేసింది, లోవకి వెళ్ళలేదు. ఇంకో మూడేళ్ళు గుడ్లు పెట్టింది.

ఆ పిల్లవాడి సంగతి చెప్పాలి. అమ్మమ్మ నోటితో తప్పయిందని అనలేదు. ఆ కాలంలో ఆ మాట అంత సులువుగా వచ్చేది కాదు. పొదుగుతున్న ఒక పెట్టని, తొమ్మిది గుడ్లతో, గంపతో సహా నా చేత వాళ్ళింటికి పంపించింది. ఆవిడ తీసుకుంది. కాని మళ్ళీ మా ఇంటికి పనికి రాలేదు. ఆ పిల్లవాడు బడి దగ్గర నన్ను చూసి తల తిప్పుకునేవాడు. నేనూ వాడితో ఏమీ అనలేకపోయాను. గుడ్లు పోతే ముందు గంప చూడాలని, జేబులు కాదని, మాకు ఆలస్యంగా తెలిసింది.

పెట్టల చరిత్ర పుస్తకాల్లో తక్కువ, మీ ఇళ్ళల్లో ఎక్కువ. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటే అడిగి రాసుకోండి, ఇంకా సమయం ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో తుని తమలపాకు తోటల కథతో కలుద్దాం. ఉంటానండీ, నమస్కారం.