బస్తరు పోతపని

బస్తరు కళలను గూర్చి వ్రాయువారు సాధారణముగా అడవితో ఆరంభింతురు. తెలుగువారు ఒక శాసనముతో ఆరంభించుట ఉచితము. దంతెవాడకు ఉత్తరమున బారసూరు అను గ్రామము కలదు. అది ఒకప్పుడు ఛిందక నాగవంశ రాజుల ప్రధాన స్థానములలో నొకటి. 1060 ప్రాంతమున జగదేకభూషణ ధారావర్షుని సామంతుడును, తెలుగు చోడవంశజుడును అగు చంద్రాదిత్యుడు అచ్చట ఒక శివాలయమును, తటాకమును నిర్మించి, ఆ సంగతిని తెలుగున శిలపై చెక్కించెను. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడని చెప్పబడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని అచ్చటి రాజవంశపు ఐతిహ్యము. రాతిపని చేయించిన దాతల పేర్లు ఈ విధముగా నిలిచినవి.

ఇత్తడి పోతపోయు ఘడ్వాలకు శాసనములు లేవు. నేడు వారి పనిని అందరును ఢోక్రా యనుచున్నారు. ఆ పేరు వంగ, ఉత్కళ దేశముల పోతపనివారిది. బజారు దానిని ఇచ్చటికి మోసికొనివచ్చినది. కొండగాం, జగదల్‌పూరు పరిసరములలోని పనివారు ఘడ్వాలే.

వీరి విధానము మిక్కిలి ప్రాచీనమైనది. మొహెంజొదారో నర్తకి ప్రతిమ ఇట్టి మైనపు పోతయే. పండ్రెండవ శతాబ్దపు మానసోల్లాసము కూడ దీనిని వర్ణించినది. ఘడ్వా మొదట ఊక కలిపిన బంకమట్టితో లోపలి దిమ్మను మలచును. అది ఎండిన పిమ్మట తేనెమైనమును సన్నని దారములుగా తీసి, దిమ్మపై ఒకదాని ప్రక్కన నొకటిగా చుట్టును. కన్ను, ముక్కు, హారము, కడియము, అన్నియు మైనపు తీగలే. దానిపై మెత్తని మట్టిని పలుచగా పూసి, ఆరిన తరువాత పుట్టమన్నును దళసరిగా మెత్తి, ఒక రంధ్రమును విడుచును. కాల్చినప్పుడు మైనము కరగిపోవును. అది విడిచిన సందులో ఇత్తడి నిండును. చల్లారిన మీదట మట్టిని పగులగొట్టవలసినదే. కావున ఒక అచ్చున రెండు బొమ్మలు రావు.

చోళుల కంచు విగ్రహములకు మైనమే పూర్ణరూపము. వాని లోపలకూడ లోహము గట్టిగా నిండియుండును. ఘడ్వా పనిలో మైనము చర్మము మాత్రమే. లోహము తక్కువ పట్టును. పాత పాత్రల తునకలతో పని జరుగును. పేదవాని దేవతకు ఇది చిన్న సౌకర్యము కాదు. ఇంక ఆ దారపు గీతలు ఇత్తడిపై అట్లే నిలిచి బొమ్మకు అందమగుచున్నవి. అలంకారము తరువాత అతికినది కాదు, నిర్మాణమే అలంకారమైనది. ఇందులో బారసూరి శిల్పి సాధింపలేనిది ఒకటి కలదని నా నమ్మకము.

ఘడ్వాలు విగ్రహములు మాత్రమే చేయలేదు. గంటలు, కడియములు, దీపములు, ధాన్యము కొలుచు పాత్రలు వారి పనియే. మురియాలు, మాడియాలు వానిని కొనువారు. ఏనుగుపై మాత, మ్రొక్కుబడికి గుఱ్ఱము కావలసినప్పుడు గ్రామము వారిని పిలుచును. ఆ దేవత ఎవరో చేయించువానికిని చేయువానికిని తెలియును. చేసినవాడెవరో ఊరికి తెలియును. బొమ్మపై పేరు వ్రాయవలసిన అవసరమే లేదు.

స్వాతంత్ర్యానంతరము హస్తకళల అంగళ్లు, ప్రదర్శనములు వచ్చినవి. 1977లో కొండగాం శిల్పి జయదేవ్ బఘేల్‌కు జాతీయ పురస్కారము లభించినది. ఆయన పేరు విదేశములకును ప్రాకినది. ఇది సంతోషింపదగినదే. అయితే ఆయన వెనుక నున్న అనేకుల సంగతి వేరు. కూలి దొరకినది, పని నిలిచినది. కాని కొనువాడు దూరపు పట్టణమువాడు. వానికి మాతకును, అలంకారపు బొమ్మకును భేదము తెలియదు. అంగడిలో ఆ బొమ్మకు తగిలించిన చీటిపై వెల యుండును, బస్తరు అను మాట యుండును. దేవత పేరు గాని, పోతపోసినవాని పేరు గాని తరచుగా నుండదు.

ఆదిలాబాదు ప్రాంతమున ఓజులు గోండుల కొరకు ఇట్టి పోతపనియే చేయుదురు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ గుర్తింపు సహితము ప్రాంతమునకే గాని మనిషికి కాదు.