హైబ్రిడ్ గేమ్ కన్సోళ్ళ రూపకల్పన

హైబ్రిడ్ గేమ్ కన్సోల్ అనగా చేతిలో పట్టుకొని దాని సొంత తెరపైనా, ఇంట్లో టెలివిజనుకు తగిలించి పెద్ద తెరపైనా ఆడుకొనడానికి వీలయ్యే వీడియో ఆటల యంత్రం. తెలుగులో దీనిని ఉభయరూప ఆటయంత్రం అనవచ్చును గానీ, వాడుకలో హైబ్రిడ్ కన్సోల్ అన్న పేరే స్థిరపడింది. (సంకర అన్న మాట ఆవులకూ, పత్తి విత్తనాలకూ బాగుంటుంది, ఇక్కడ అతకదు.) 2017 మార్చి 3న విడుదలైన నింటెండో స్విచ్ ఈ తరగతికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఇటువంటి యంత్రాన్ని రూపొందించేవారు మూడు విషయాలకు పొత్తు కుదర్చవలసి ఉంటుంది. అవి గణన సామర్థ్యం, వేడిని బయటకు పంపే ఏర్పాటు, అమ్మకపు ధర. చూడడానికి ఇవి మూడు సమస్యలుగా కనిపిస్తాయి. నిజానికి యంత్రం ఎన్ని వాట్ల విద్యుత్తును వాడుకోవచ్చును అన్న ఒకే ప్రశ్నకు ఇవి మూడు ముఖాలు.

ఈ విషయానికి హైదరాబాదుతో రెండు విధాల సంబంధం ఉన్నది. ఈ యంత్రాలలో వాడే చిప్పులను రూపొందించే ఎన్విడియా, ఏఎమ్‌డీ సంస్థలకు ఈ నగరంలో ఇంజనీరింగ్ కేంద్రాలు ఉన్నాయి. రెండవది, ఈ యంత్రాలు పనిచేయడానికి తయారీదారులు చెప్పిన గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కాగా, హైదరాబాదు వేసవి ఆ హద్దును ఏటా దాటుతుంది.

నేపథ్యం

చేతిలోనూ, టెలివిజనుపైనా ఒకే ఆటను ఆడించాలన్న ఆలోచన స్విచ్‌తో పుట్టినది కాదు. 1995లో సెగా సంస్థ ఉత్తర అమెరికాలో విడుదల చేసిన నోమాడ్, ఇంటి కన్సోలులో వాడే ఆట కాట్రిడ్జిలనే చేతి యంత్రంలో ఆడించేది. దానిని టెలివిజనుకు కూడా కలపవచ్చు. కానీ ఆరు పెన్సిల్ సెల్లులు రెండు మూడు గంటలలోనే అయిపోయేవి. ఇంటి కోసం తయారైన చిప్పులను యథాతథంగా చేతిలోకి తెచ్చినందుకు కలిగిన ఫలితం అది. 2012లో వచ్చిన నింటెండో వీ యూకు తెర గల చేతి పలక ఉన్నా, అసలు గణన అంతా టెలివిజను పక్కనున్న పెట్టెలోనే జరిగేది. కనుక ఆ పలకను తీసుకొని ఎక్కువ దూరం పోవడం కుదరదు.

వాట్ల లెక్క

చిప్‌లోని ట్రాన్సిస్టర్లు తెరచుకొని మూసుకొన్న ప్రతిసారీ కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. ఆ ఖర్చు పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఇందులోని వర్గమే అన్ని చిక్కులకూ మూలం. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజిని కూడా కొంత పెంచాలి. ఉదాహరణకు వేగాన్ని 20 శాతం పెంచడానికి వోల్టేజిని 10 శాతం పెంచవలసి వచ్చిందనుకుందాం. అప్పుడు ఖర్చు 1.2 × 1.1 × 1.1, అనగా దాదాపు 1.45 రెట్లు అవుతుంది. ఐదో వంతు వేగం కోసం దాదాపు సగం వేడిని అదనంగా మోయవలసి వచ్చినదన్నమాట. చిప్ వాడుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది కనుక ఖర్చు, వేడి అన్న మాటలను ఇక్కడ ఒకే అర్థంలో వాడవచ్చు.

దీనికి విరుగుడు చిప్‌ను వెడల్పు చేసి, వేగాన్ని తగ్గించడం. ఐదుగురు కూలీలు పరుగెత్తుతూ మోసే బస్తాలను పదిమంది నింపాదిగా నడుస్తూ మోసినట్లు. ఆయాసం తక్కువ, కూలి ఎక్కువ. కోర్లు పెరిగితే చిప్ విస్తీర్ణం పెరుగుతుంది. ఒక సిలికాన్ పళ్ళెం నుండి వచ్చే చిప్పుల సంఖ్య తగ్గుతుంది, ఒక్కొక్కదాని ఖరీదు పెరుగుతుంది. వేడిని తగ్గించుకోవడానికి డబ్బు చెల్లించడం అంటే ఇదే.

బ్యాటరీ వైపు నుండి చూసినా ఇదే లెక్క తేలుతుంది. మొదటి స్విచ్‌లో 4310 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ ఉంది, అనగా 16 వాట్-గంటలు. సంస్థ చెప్పిన నడక కాలం ఆటను బట్టి రెండున్నర నుండి ఆరున్నర గంటలు. 16ను రెండున్నరతో భాగిస్తే 6.4 వస్తుంది. తెర, వైర్‌లెస్, ధ్వని, చిప్, జ్ఞాపకం అన్నీ కలిపి ఎంత బరువైన ఆటకైనా సగటున ఆరున్నర వాట్ల లోపే సరిపెట్టుకోవాలి. ఇంట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బు వాడేది కూడా ఇంచుమించు అంతే.

ఒకే చిప్, రెండు వేగాలు

స్విచ్‌లో వాడిన ఎన్విడియా టెగ్రా ఎక్స్ 1 చిప్ దానికోసం ప్రత్యేకంగా పుట్టినది కాదు. 2015లోనే ఎన్విడియా తన షీల్డ్ ఆండ్రాయిడ్ టీవీ పెట్టెలో దీనిని వాడింది. అందులో గ్రాఫిక్స్ భాగం 1000 మెగాహెర్ట్జ్ వరకూ నడుస్తుంది. నింటెండో అదే భాగాన్ని టెలివిజనుకు తగిలించినప్పుడు 768 మెగాహెర్ట్జ్‌కు, చేతిలో ఉన్నప్పుడు ప్రధానంగా 307.2 మెగాహెర్ట్జ్‌కు దించింది. కొన్ని ఆటలకు చేతిలో 384, 460 వరకూ కూడా అనుమతి ఉంది. సాధారణ ప్రాసెసరు వేగం మాత్రం రెండు చోట్లా 1020 మెగాహెర్ట్జే.

ఈ అంకెలు ఊరికే ఎంచుకున్నవి కావు. స్విచ్ సొంత తెరపై 1280 × 720 చుక్కలు ఉంటాయి. టెలివిజనుకు పంపే బొమ్మ 1920 × 1080 వరకూ ఉండవచ్చు. రెండవది మొదటిదానికి 2.25 రెట్లు. 307.2కు 768 సరిగ్గా 2.5 రెట్లు. చుక్కలు పెరిగిన మేరకు వేగం పెరిగింది. కనుక ఒకే ఆటను రెండు రకాలుగా రాయనవసరం లేకుండా రెండు తెరలపైనా నడిపించవచ్చు. ఆట తర్కాన్ని, శత్రువుల కదలికలను లెక్కించే ప్రాసెసరుకు తెర పరిమాణంతో పని లేదు కనుక దాని వేగాన్ని మార్చలేదు. ఈ రూపకల్పనలోకెల్లా తెలివైన నిర్ణయం ఇదేనని చెప్పుకోవచ్చు.

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లో గ్రాఫిక్స్ కోర్ల సంఖ్య 256 నుండి 1536కు, అనగా ఆరు రెట్లకు పెరిగింది. వేగం మాత్రం చేతిలో 561, డాక్‌లో 1007 మెగాహెర్ట్జ్ వద్దనే ఉంది. వెడల్పు పెంచి వేగాన్ని అదుపులో ఉంచే పద్ధతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తక్కువ చుక్కలతో గీసిన బొమ్మను యంత్రాభ్యాసం ద్వారా పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ అనే ఎన్విడియా పద్ధతి కూడా ఇందులో ఉంది. గీయని చుక్కకు వేడి పుట్టదు గదా.

వేడి పోయే దారి

స్విచ్‌లో చిప్‌పై రాగి హీట్‌పైపు, దాని చివర చిన్న ఫ్యాను ఉంటాయి. గాలి వెనుక అడుగు భాగపు సందులలో ప్రవేశించి పై అంచు నుండి బయటకు పోతుంది. చాలామంది అనుకొనేటట్లు మొదటి స్విచ్ డాక్‌లో ఫ్యాను గానీ, అదనపు ప్రాసెసరు గానీ లేవు. అది విద్యుత్తునూ, టెలివిజను తీగనూ అందించే తొడుగు మాత్రమే. స్విచ్ 2 డాక్‌లో మొదటిసారిగా ఫ్యాను పెట్టారు. దాని బరువు, చప్పుడు చేతికి రావు, బ్యాటరీని తినవు. కనుక ఫ్యానును పెద్దది చేయడానికి అది సరియైన చోటు.

చేతి యంత్రానికి రెండు ఉష్ణ హద్దులు ఉంటాయి. ఒకటి చిప్ హద్దు. వాల్వ్ సంస్థ 2022 జూలైలో తన స్టీమ్ డెక్ గురించి చెప్పిన దాని ప్రకారం చిప్ 100 డిగ్రీల వద్ద తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది, 105 వద్ద ఆగిపోతుంది. రెండవది చేతి హద్దు. చిప్ 90 డిగ్రీలను భరించగలదు, పిల్లవాడి అరచేయి భరించలేదు. ఆచరణలో ఈ రెండవ హద్దే ముందుగా అడ్డువస్తుంది.

ధర

వేడి విషయంలో పొదుపు చేస్తే ఎంత ఖర్చవుతుందో ఎక్స్‌బాక్స్ 360 చరిత్ర చెబుతుంది. ఆ యంత్రాలలో ముందు భాగాన మూడు ఎర్ర దీపాలు వెలిగి ఆగిపోవడం విపరీతం కావడంతో మైక్రోసాఫ్ట్ 2007 జూలైలో వారంటీని మూడేళ్ళకు పొడిగించి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. అది గోడ ప్లగ్గుకు కట్టేసిన పెద్ద పెట్టె. చేతి యంత్రంలో ఆ మాత్రం చోటు కూడా ఉండదు.

స్విచ్ తొలి ధర 299.99 డాలర్లు. యంత్రాన్ని నష్టానికి అమ్మి ఆటలపై రాబట్టుకొనే పద్ధతి ఈ రంగంలో పాతదే. వీ యూ విషయంలో నింటెండో కూడా అలాగే చేసింది. స్విచ్‌ను మాత్రం నష్టానికి అమ్మబోమని ముందే చెప్పింది. అప్పటికే తయారై ఉన్న చిప్‌ను తీసుకోవడం ఇందుకు తోడ్పడింది.

2019లో అదే చిప్‌ను 20 నానోమీటర్ల బదులు 16 నానోమీటర్ల పద్ధతిలో చేశారు. బ్యాటరీ అదే, ధర అదే, నడక కాలం మాత్రం నాలుగున్నర నుండి తొమ్మిది గంటలకు పెరిగింది. మిగిలిన వాట్లను వేగానికి కాకుండా బ్యాటరీకి ఇచ్చారన్నమాట. అదే ఏడు డాక్‌ను, టెలివిజను సౌకర్యాన్ని తీసివేసిన స్విచ్ లైట్ 199.99 డాలర్లకు వచ్చింది.

వాల్వ్ 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్‌ను 399 డాలర్ల నుండి అమ్మడం మొదలుపెట్టింది. ఇందులోని ఏఎమ్‌డీ చిప్ 4 నుండి 15 వాట్లు వాడుతుంది. బ్యాటరీ 40 వాట్-గంటలు, బరువు 669 గ్రాములు. సామర్థ్యాన్ని ఇంకా పెంచిన ఆసుస్ రోగ్ ఆలై గోడ ప్లగ్గుపై 30 వాట్ల వరకూ పోతుంది. అయితే దాని బ్యాటరీ కూడా 40 వాట్-గంటలే కావడంతో పూర్తి వేగంతో ఆడితే గంటన్నర నిలవడం కష్టం.

హైదరాబాదుతో సంబంధం

హైటెక్ సిటీలో మొదటి కట్టడమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. తొలినాళ్ళలో సాఫ్ట్‌వేర్ సేవలకు పేరుపడిన ఈ ప్రాంతానికి చిప్ రూపకల్పన సంస్థలు క్రమంగా వచ్చి చేరాయి. 2006లో గ్రాఫిక్స్ సంస్థ ఏటీఐని, 2022 ఫిబ్రవరిలో జైలింక్స్‌ను ఏఎమ్‌డీ కొనుగోలు చేసింది. జైలింక్స్‌కు అప్పటికే హైదరాబాదులో పెద్ద కేంద్రం ఉన్నది. చేతి ఆటయంత్రాల కోసం 2021 డిసెంబరులో స్నాప్‌డ్రాగన్ జీ3ఎక్స్ చిప్‌ను ప్రకటించిన క్వాల్‌కామ్, 2022 అక్టోబరులో హైదరాబాదు ప్రాంగణ విస్తరణకు రూ. 3,904.55 కోట్ల పెట్టుబడిని ప్రకటించింది. మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం ప్రాంతాల విద్యార్థులకు చిప్‌లలో విద్యుత్ పొదుపు అన్నది పాఠ్యపుస్తకపు మాట కాదు, పక్క వీధిలోని ఉద్యోగం.

దక్కను వేసవిలో

స్విచ్‌కు 5 నుండి 35 డిగ్రీలు, స్టీమ్ డెక్‌కు 0 నుండి 35 డిగ్రీలు తగిన పరిసర ఉష్ణోగ్రతగా తయారీదారులు పేర్కొన్నారు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరడం సాధారణం. రామగుండం వంటి చోట్ల ఇంకా ఎక్కువ. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ఆడితే ఏమవుతుందో లెక్క వేయవచ్చు.

వస్తువు నుండి గాలిలోకి పోయే వేడి వాటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. చిప్ హద్దు 100 అనుకుంటే, 25 డిగ్రీల గదిలో తేడా 75, 40 డిగ్రీల గదిలో 60. అంటే బయటకు పంపగల వేడి ఐదో వంతు తగ్గుతుంది. ఇది ఫరవాలేదు. చేతికి తగిలే పైతొడుగును 45 డిగ్రీల లోపు ఉంచాలనుకుంటే, చల్లని గదిలో తేడా 20, వేడి గదిలో 5 మాత్రమే. నాలుగింట మూడు వంతుల వెసులుబాటు పోయింది. ఇది సరళమైన లెక్కే అయినా, మే నెలలో ఆట మధ్యలో బొమ్మ ఎందుకు తడబడుతుందో, పిల్లలు యంత్రం కాలుతోందని ఎందుకు అంటారో దీనితో బోధపడుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండడం వలన గాలి సాంద్రత కూడా ఐదు శాతం వరకూ తక్కువే. ఆ మేరకు ఫ్యాను పని మందగిస్తుంది.

ధర విషయంలోనూ ఇక్కడి కొనుగోలుదారు స్థితి వేరు. స్విచ్ గానీ, స్టీమ్ డెక్ గానీ విడుదలైనప్పుడు భారతదేశంలో అధికారికంగా అమ్మలేదు. విదేశాలలోని బంధువులు తెచ్చినవో, దుకాణాలవారు దిగుమతి చేసుకున్నవో దొరికేవి. 2023 జూలైలో రోగ్ ఆలై అధికారికంగా రూ. 69,990కి వచ్చింది. అమెరికాలో పన్నులు కాక దాని ధర 699 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు రూ. 57,000. అధికారిక అమ్మకం లేని యంత్రానికి స్థానిక వారంటీ ఉండదు. ఫ్యానులో దుమ్ము పట్టినా, చిప్‌పై వేడిని అందించే పేస్టు ఎండిపోయినా సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల మరమ్మతుదారులే దిక్కు.

స్టీమ్ డెక్‌లో చిప్ వాడే వాట్లకూ, సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకూ ఆడేవారే హద్దు పెట్టుకోవచ్చు. వేసవిలో 15 వాట్ల నుండి 9, 10 వాట్లకు దించి, సెకనుకు 60 బొమ్మల బదులు 40తో ఆడితే వేడి, చప్పుడు రెండూ తగ్గుతాయి. స్విచ్‌లో ఆ సౌకర్యం లేదు. దాని గాలి సందులను దిండు, దుప్పటి మూయకుండా చూడడం, ఎండ తగిలే కిటికీ పక్కన డాక్‌ను పెట్టకపోవడం, ఆడిన వెంటనే సంచిలో కుక్కకుండా కొంతసేపు బయట ఉంచడం మంచిది.