తాతయ్య చిట్టా పుస్తకాలు

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, 1951 నుంచి 1998 దాకా ఇంటి జమాఖర్చులు రాశాడు. ఏడాదికో పుస్తకం. రెండు చెదలు తినేశాయి. మిగిలినవి ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి. ఆయన నాయకుడు కాదు, జైలుకి వెళ్ళలేదు, ఏ ఉద్యమ చరిత్రలోనూ ఆయన పేరుండదు. దివిసీమలో తొమ్మిది ఎకరాల మాగాణి, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్న రైతు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికే నేను, నాకు అందరికంటే ఇష్టమైన మనిషిని ఈ పుస్తకాల్లో వెతుక్కుంటూ ఉంటాను.

ముందు ఇష్టం సంగతి చెప్పాలి. నాకు అక్షరాలు దిద్దించింది తాతయ్యే. సెలవులకి వెళ్తే సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పక్క ఊరి శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్ళేవాడు. "అమ్మడూ, ఇవాళ పేపర్లో ఏముందో అమ్మమ్మకి చదివి చెప్పు" అనేవాడు. అమ్మమ్మకి చదువు రాదు. ఊళ్ళో ఆడపిల్లల్ని అయిదో తరగతితో మాన్పించే రోజుల్లో ముగ్గురు కూతుళ్ళనీ హైస్కూలుకి పంపాడు. అమ్మని బందరు కాలేజీలో చేర్చినప్పుడు అన్నదమ్ములు ఆయనతో ఆర్నెల్లు మాట్లాడలేదట. ఆ ఏటి చిట్టాలో ఫీజు, హాస్టలు, రెండు వాయిల్ చీరలు, బస్సు ఛార్జీ అన్నీ పైసలతో సహా ఉన్నాయి. గొడవ గురించి ఒక్క ముక్క లేదు.

1977 పుస్తకం మరీ విచిత్రం. నవంబరు 19 ఉప్పెన తర్వాత పన్నెండు రోజులు పేజీలు ఖాళీ. దివిసీమలో వేలమంది పోయిన రోజులవి. తర్వాత ఒక్కొక్కటిగా మొదలవుతాయి: కిరసనాయిలు, సున్నం, తాడు, ఎవరికో ఇచ్చిన బియ్యం. ఆ ఏడు ధాన్యం జమ లేదు. చేలో ఉప్పునీళ్ళు నిలిచాయి. చిన్న మావయ్య కాలేజీ, పిన్ని స్కూలు మాత్రం ఆగలేదు. మరి డబ్బెక్కడిది? అమ్మమ్మ గాజులు తాకట్టు పెట్టింది. ఆ సంగతి పిన్ని చెబితే తెలిసింది. చిట్టాలో "అప్పు" అని మాత్రమే ఉంది.

అమ్మమ్మ ఆ పుస్తకాల్లో ఇలాగే ఉంటుంది, పేరు లేకుండా. గేదెకి తవుడు, తెలగపిండి ఖర్చులో ఉన్నాయి. నెయ్యి అమ్మిన డబ్బు జమలో ఉంది. తెల్లవారుజామున లేచి పాలు పిండి, పెరుగు చిలికి, వెన్న కాచిన మనిషి ఏ పద్దులోనూ లేదు. ఊడ్పులకి వచ్చిన కూలీల లెక్క ఉంది, వాళ్ళకి వండిపెట్టిన చేతుల లెక్క లేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళ 'మనకు తెలియని మన చరిత్ర' (1986) చదివాకే, కాగితం మీద లేనివాళ్ళ గురించి ఇంట్లో ఆడవాళ్ళని అడగడం నేర్చుకున్నాను. అప్పటికి అమ్మమ్మ ఉంది కాబట్టి సరిపోయింది.

తాతయ్య మొదటి చిట్టా మొదలుపెట్టిన 1951లోనే, హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వనందుకు అంబేద్కర్ న్యాయశాఖ మంత్రి పదవి వదులుకున్నారు. ముక్కలై వచ్చిన ఆ బిల్లులో ఒక ముక్క 1956 హిందూ వారసత్వ చట్టం. తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఉమ్మడి ఆస్తి దగ్గరికి వచ్చేసరికి మితాక్షరి పద్ధతినే ఉంచింది. కొడుకు పుట్టుకతోనే హక్కుదారు, కూతురు కాదు.

మా తాతయ్య పొలం తాతల నాటిది. 1956 చట్టం లెక్కన ఆ తొమ్మిది ఎకరాలు ముందు తండ్రికీ ఇద్దరు కొడుకులకీ మూడేసి ఎకరాలు. తండ్రి పోయాక ఆయన మూడెకరాలూ భార్యకీ అయిదుగురు పిల్లలకీ తలా అరెకరం. అంటే కొడుక్కి మూడున్నర, కూతురికి అర. ఆ అర కూడా తండ్రి వీలునామా రాయకపోతేనే.

1986లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఈ చట్టాన్ని సవరించింది. కూతురిని కూడా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కుదారుగా దేశంలో మొదట గుర్తించింది ఆంధ్రప్రదేశే. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలన్నారు. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి మాత్రం వర్తించదన్నారు. ఒకే తల్లి కడుపున పుట్టిన ముగ్గురిలో పెద్దమ్మకీ అమ్మకీ హక్కు లేదు, 1987లో పెళ్ళయిన పిన్నికి ఉంది. అరుగు మీద కూర్చుని ఆ వార్త పైకి చదివింది తాతయ్యే. "మంచి చట్టం" అన్నాడట.

1988లో పంపకాలు జరిగాయి. పిన్నిని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించారు. పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ముట్టింది కాబట్టి పొలంలో వాటా వదులుకుంటున్నట్టు అందులో రాశారు. ఆ రోజు చిట్టాలో స్టాంపు కాగితాలు, రాయసగాడికి ఇచ్చింది, అందరికీ కాఫీ టిఫిన్లు ఉన్నాయి. కింద విడిగా "చిన్నమ్మాయికి చీర" అని ఉంది.

ఆ చీర దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. లంచం అనుకోవాలా? ఆయన్ని ఎరిగినదాన్ని, అలా అనుకోలేను. ఏదో తక్కువ చేశానని లోపల తెలిసిన తండ్రి, తనకి చేతనైన రూపంలో ఇచ్చుకున్నది. కూతుళ్ళకి ఆయన ఇచ్చినవన్నీ ఖర్చులో పడ్డాయి: ఫీజులు, చీరలు, పురుళ్ళు, సంక్రాంతి బట్టలు. కొడుకులకి ఇచ్చిన భూమి ఖర్చులోకి రాలేదు. అది వాళ్ళదే కదా! పితృస్వామ్యం అనగానే మనకి కొట్టే చెయ్యి గుర్తొస్తుంది. సైకిలు మీద గ్రంథాలయానికి తీసుకెళ్ళిన చెయ్యి కూడా దాని దస్తావేజు రాయగలదు. అందుకే దాంతో పోట్లాడటం అంత కష్టం.

2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా కూతుళ్ళకి సమాన హక్కు వచ్చింది. పెళ్ళి తేదీ అడ్డం తొలగింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు చెల్లుతాయి. మా ఇంటి పంపకాలు అలాంటివే. తాతయ్య 1999లోనే పోయాడు.

ఈ వ్యాసం రాసేముందు అమ్మనీ పిన్నినీ అడిగాను. "నాన్న నన్ను చదివించాడు. ఆ ఉద్యోగమే నా పొలం. ఇంకేమివ్వాలి?" అంది అమ్మ, కొంచెం కోపంగా. పిన్నికి ఉద్యోగం లేదు. భర్త పోయాక కొడుకు దగ్గర ఉంటోంది. చాలాసేపు మాట్లాడలేదు. "నాన్న అడిగితే ఇప్పుడైనా సంతకం పెడతానే. కానీ నాన్న అడక్కుండా ఉండాల్సింది" అంది.

ఆ రెండు మాటలూ ఆయన చిట్టాలో చేరాల్సినవే. 1998 పుస్తకంలో చివర కొన్ని తెల్ల కాగితాలు మిగిలాయి. అమ్మమ్మ గాజులు, పిన్ని రెండెకరాల పావు, రెండూ తారీకులు వేసి అక్కడ రాశాను.