బిళ్లగన్నేరు పరీక్ష

మన పెరళ్లలో బిళ్లగన్నేరు మిక్కిలి పరిచితమైన మొక్క. దాని యాకు నమిలినచో మధుమేహము తగ్గునను మాటయు నంతే పరిచితము. ఈ మొక్కకు పుట్టినిల్లు మడగాస్కరు దీవి. అచ్చటినుండి వేడిదేశములకు వ్యాపించి, పెక్కుచోట్ల చక్కెర వ్యాధికి మందను పేరొందినది. ఇందరు నమ్మిన మాటను పరీక్షింపగా నేమి తేలెనో చదువరులు తెలిసికొనదగును.

1952లో జమైకాలోని యొక వైద్యుడు ఈ యాకులు 25 కవరులో బెట్టి, కెనడాలోని టొరాంటో నగరమున వైద్యుడగు క్లార్కు నోబులునకు బంపెను. ఇన్సులిను దొరకనప్పుడు జమైకావాసులు ఈ యాకు కషాయమును ద్రావుచుండిరి. క్లార్కు ఆ యాకులను వెస్ట్రన్ ఒంటారియో విశ్వవిద్యాలయమున పరిశోధకుడగు తన తమ్ముడు రాబర్టునకు అందజేసెను.

రాబర్టు నోబులు ఆకుసారమును ఎలుకలచే ద్రావించి, వాని నెత్తురులోని చక్కెరను కొలిచెను. చెప్పుకొనదగిన మార్పు కానరాలేదు. పరీక్ష అంతటితో ముగియవలసినదే. కాని నోటిద్వారా పనిచేయనిది రక్తమున కలిసిన పనిచేయునేమో యని, సారమును నరములోని కెక్కించి చూచిరి. ఆ యెలుకలు వారము తిరుగకుండ చచ్చిపోయినవి. వానిని గోసి చూడగా సూక్ష్మజీవులవలన బుట్టిన చీముగడ్డలు కనబడెను. కారణమేమని వెదకగా, రోగములతో బోరాడు తెల్లకణములు నెత్తురులో మిక్కిలి తగ్గిపోయి, వానిని బుట్టించు మూలుగ క్షీణించియుండెను. ఎలుకలను జంపినది చక్కెర కాదు, రక్షకులు లేమి.

ఇచ్చటనే రాబర్టు వివేకము కొనియాడదగినది. తెల్లకణములు హద్దుమీరి పెరుగుటయే రక్తపు క్యాన్సరు. మంచి కణములను గూల్చు పదార్థము చెడ్డకణములను గూల్చకుండునా యని ఆయన తలపోసెను. 1954లో రసాయనజ్ఞుడగు చార్లెసు బీరు ఆయనతో జేరి, ఆకులనుండి ఆ పదార్థమును వేరుచేసెను. 1958లో లోకమునకు తెలిసిన ఆ మందే వినబ్లాస్టీను. ఆ కాలముననే అమెరికాలోని ఎలీ లిల్లీ సంస్థవారును చక్కెర వ్యాధి మందు కొరకే ఈ మొక్కను పరీక్షింపబూని, దాని సారము రక్తపు క్యాన్సరు గల చిట్టెలుకల యాయువును పెంచుట గనిరి. వారు వెలికిదీసిన విన్‌క్రిస్టీను నేటికిని పసిబిడ్డల రక్తపు క్యాన్సరు చికిత్సలో ముఖ్యమైన మందు.

మరి చక్కెర మాట యేమి? మధుమేహము గలిగించిన ఎలుకలలో కొన్ని సారములు చక్కెరను తగ్గించినవని తరువాతి పరీక్షలు కొన్ని తెలిపినవి. కాని కొలిచి యిచ్చిన సారము వేరు, పెరటిలో దుంచి నమిలిన గుప్పెడాకు వేరు. ఎలుక వేరు, మనిషి వేరు. పైగా మూలుగను క్షీణింపజేసిన ఆ పదార్థములు ఈ యాకులలోనివే. వైద్యుడిచ్చిన మందు మాని దీనిని నమ్ముకొనువారు ఈ సంగతి మరువరాదు.

నాటువైద్యమని యీసడించువాడు ఆ కవరును విప్పియే యుండడు. పెద్దల మాట యని కన్నులు మూసికొని నమ్మువాడు ఎలుకల నెత్తురును పరిశీలించియే యుండడు. విప్పి, పరీక్షించి, కోరినది గాక కనబడినదానిని ఒప్పుకొన్నవారివలననే ఎందరో బిడ్డలు బ్రదికిరి. మన యిండ్లలోని మందుమాటల నన్నిటిని ఈ దృష్టితో జూచుట మనకు శ్రేయస్కరము.