గుంటూరులో సూర్యుని అంచును పట్టిన చీలిక

1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చెను. మేజర్ టెన్నెంట్ కూడ అక్కడనే విడిసెను. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నమున యంత్రములు నిలిపెను. గ్రహణవేళ చంద్రబింబపు అంచున ఎర్రగా కనిపించు సౌరజ్వాలలు ఏ పదార్థముతో ఏర్పడినవి? తేల్చవలసిన ముఖ్యవిషయము ఇది.

ఇందుకు సాధనము వర్ణపటదర్శిని. దూరదర్శినిలో ఏర్పడిన సూర్యప్రతిబింబము ఒక పలకపై పడును. ఆ పలకలోని సన్నని చీలిక గుండా పోయిన కాంతి మాత్రమే పట్టకములను చేరి రంగులుగా విడిపోవును. కనుక చూడదలచిన వస్తువు చీలికపై సరిగా పడవలెను. పడిన పిదప అక్కడనే నిలువవలెను. భూభ్రమణముచే సూర్యుడు సుమారు రెండు నిమిషములలో తన బింబమంత దూరము జరిగిపోవును. దూరదర్శినిని గడియారయంత్రము త్రిప్పుచున్నను, మిగిలిన స్వల్పదోషమును పరిశీలకుడు చేతితో సవరింపవలసినదే. ఆనాడు గుంటూరున సంపూర్ణత ఐదు నిమిషములకు కొంచెము మించి ఉండెను. జ్వాలను వెదకుటకు, నిలుపుటకు, పరీక్షించుటకు ఉన్న వ్యవధి అంతే.

జ్వాలలు చీలికపై పడగానే జాన్సెన్‌కు ఎడతెగని రంగుల పట్టీకి బదులు కొన్ని ప్రకాశరేఖలు కనిపించెను. జ్వాలలు వాయుమయములనియు, వానిలో హైడ్రోజను ప్రధానమనియు తేలెను. రేఖల తీక్ష్ణతను చూచిన ఆయనకు ఒక ఆలోచన కలిగెను: గ్రహణము లేకున్నను ఇవి కనిపింపవా? మామూలు దినములలో జ్వాలలను మరుగుపరచునది ఆకాశపు వెలుగు. అందు అన్ని రంగులును కలవు. పట్టకములు దానిని పొడవుగా పరచి పలుచన చేయును. జ్వాల కాంతి కొద్ది రంగులలోనే ఉండుటచే అట్లు పలుచన కాదు.

మరునాటి ఉదయము ఆయన చీలికను సూర్యుని అంచున నిలిపెను. రేఖలు కనిపించెను! చీలికను మెట్టుమెట్టుగా జరుపుచు, ప్రతి తావున రేఖ పొడవును గుర్తించి, ఆ కొలతలను ప్రక్కప్రక్కన చేర్చినచో జ్వాల ఆకారము తెలియును. ఇట్లు పదిహేడు దినములు ఆయన పరిశీలనలు సాగించెను. అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్ స్వతంత్రముగా ఇదే పద్ధతిని సాధించెను. ఇద్దరి వార్తలును అక్టోబరు 26న పారిస్ అకాడమీకి అందెను.

జ్వాలలలోని పసుపు రేఖ సోడియముది కాదని గుర్తించి, దానికి కొత్త మూలకమును కారణముగా ఊహించినవాడు లాకియర్. అదే హీలియము. 1895లో రామ్సే దానిని యురేనియము గల ఖనిజమునుండి వెలికితీసెను. కావున జాన్సెన్ గుంటూరులో హీలియమును కనుగొనెనను వాడుకమాట పూర్తిగా సరికాదు. గుంటూరున లభించినది ఒక పద్ధతి.

దాని విలువ తక్కువది కాదు. గ్రహణపు దారికి ఉత్తరముననున్న పోచంపాడు, నిజామాబాదు ప్రాంతములలో ఆనాడు సూర్యుడు కొంతయే మరుగుపడెను. అచ్చట జ్వాలలను చూచు వీలు లేదు. మరునాటితో ఆ భేదము తొలగెను. ఎండకాయు ఏ ఊరినుండియైనను, చీలికను సూర్యుని అంచున కదలక నిలుపగలవానికి జ్వాలలు చిక్కును.